రెండో కొస

మా అమ్మాయి నాతో సరిగ్గా మాట్లాడటం మానేసింది ఆ వేసవిలోనే. మానేసింది అంటే పూర్తిగా కాదు. "భోజనం పెట్టాను", "మందు అయిపోయింది", "దుకాణంలో ఎవరో పిలుస్తున్నారు" లాంటివి అంటూనే ఉండేది. చివర "నాన్నా" అన్న మాట మాత్రం తీసేసింది. ఆ ఒక్క మాట లేకపోతే ఏ మాటైనా ఎంత బోడిగా ఉంటుందో నాకు అప్పుడే తెలిసింది.

మాది కొవ్వొత్తుల పని. ముందు గదిలో దుకాణం, వెనక గదిలో మైనం కాచే పొయ్యి, మేడ మీద రెండు గదుల్లో కాపురం. మా నాన్న చేశాడు, నేనూ చేస్తున్నాను. గుడిలో పీఠం మీద పెట్టేవి, పసిపిల్లల జ్ఞానస్నానానికి పట్టేవి, పోయినవాళ్ళ పెట్టె చుట్టూ నిలబెట్టేవి, అన్నీ మా దగ్గరే. మా ఆవిడ వత్తులు పేనేది, దుకాణం చూసేది, నన్నూ చూసేది. ఈ మూడు పనుల్లో ఏ ఒక్కదాంట్లోనూ నేను ఆవిడ కాలిగోటికి సరిపోనని చుట్టుపక్కలవాళ్ళు అనేవారు. ఆవిడా అనేది.

ఎండలు మొదలయ్యే వేళకి ఆవిడ కడుపులో గడ్డ ఉందని తేలింది. తేలేసరికే ఆలస్యమైపోయింది. ఆస్పత్రిలో రెండు వారాలు ఉంచుకుని, ఇక ఇంటికి తీసుకెళ్ళి నొప్పి లేకుండా చూసుకోండి అన్నారు. డాక్టరు నా భుజం మీద చెయ్యి వేశాడు. డాక్టరు మందు చీటీ రాయకుండా భుజం మీద చెయ్యి వేశాడంటే ఇంకేం అడుగుతాం?

చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది గానీ చెప్తాను. ఇంటికి తెచ్చాక నేను మేడ ఎక్కడం తగ్గించేశాను. రోజురోజుకీ చిక్కిపోతున్న ఆ మనిషిని చూడటం నా వల్ల కాలేదు. పగలు రెండుసార్లు గుమ్మం దగ్గర నిలబడి "ఎలా ఉంది?" అనేవాణ్ణి. "ఇలా వచ్చి కాసేపు కూర్చోండి" అని ఆవిడ అనీ అనకముందే, "పొయ్యి మీద మైనం పెట్టొచ్చాను" అని దిగిపోయేవాణ్ణి. రాత్రిళ్ళు దుకాణంలోనే బల్ల మీద పడుకునేవాణ్ణి. పొయ్యి మీద ఏమీ ఉండేది కాదు. ఆవిడకి ఆ సంగతి తెలుసు. మైనం కాగితే మేడ మీదికి వాసన వస్తుంది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ తననెవరూ చూడట్లేదని అనుకుంటుందట, సరిగ్గా నాలాగే.

అలాంటప్పుడు నాకు మొక్కు గుర్తొచ్చింది.

కొండ మీద దేవమాత గుడికి ఏటా వేసవిలో మా విచారణ నుంచి, అంటే మా ఫాదర్‌గారి కిందున్న గుళ్ళన్నిటి నుంచీ, తొమ్మిది రోజుల కాలినడకన జనం వెళ్తారు. ఇంట్లో ఎవరికైనా రోగం ముదిరితే, ఆ రోగి పొడవు ఎంతో అంత పొడవు కొవ్వొత్తి చేయించి, భుజాన మోసుకెళ్ళి ఆ తల్లి పాదాల దగ్గర వెలిగిస్తారు. అలాంటి నిలువెత్తు కొవ్వొత్తులు మా నాన్న చాలా చేశాడు, నేనూ చేశాను. కొలత తెచ్చుకోమని వత్తి దారం ఇచ్చి పంపేటప్పుడు మా నాన్న ప్రతివాళ్ళకీ ఒకటే చెప్పేవాడు. "ఇద్దరు పట్టుకోండి. తల దగ్గర ఒకళ్ళు, మడమ దగ్గర ఒకళ్ళు. మంచం మీద మనిషికి ఆ చేతులు తగలాలి." ఆయన పోయాక నేనూ అరిగిపోయిన రికార్డులా అదే చెప్తూ వచ్చాను.

తీరా నా వంతు వచ్చేసరికి నేను మేడ ఎక్కలేదు.

మా వెనక గది గుమ్మానికి పెన్సిలు గీతలున్నాయి. అమ్మాయి ఏ ఏడాదికి ఎంత పెరిగిందో గీసినవి. వాటికి పైగా ఇంకో గీత ఉంది. పెళ్ళైన కొత్తలో మా ఆవిణ్ణి ఆ గుమ్మానికి ఆనించి నిలబెట్టి సరదాకి నేను గీసింది. పదహారో ఏట అమ్మాయి ఆ గీత దాటిన రోజున తల్లి ముసిముసిగా నవ్వుతూ, "ఇక పై అరలో డబ్బాలు నువ్వే దించాలే" అంది. నేను ఆ గీత దగ్గర ఒక మేకు కొట్టి, దానికి వత్తి దారం తగిలించి, నేల దాకా లాగి కోశాను. కొలత అయిపోయింది.

వేలాడదీసిన వత్తి మీద గరిటెతో మైనం పొయ్యడం, ఆరనివ్వడం, మళ్ళీ పొయ్యడం, తడి బల్ల మీద దొర్లించి నున్నగా చెయ్యడం. వారంలో అయ్యే పనిని మూడు వారాలు సాగదీశాను. ఆ మూడు వారాలూ మేడ మీదికి వాసన మాత్రం నిజంగానే వెళ్ళింది.

బయల్దేరే రోజు పొద్దున్నే అమ్మాయి మెట్ల మీద అడ్డంగా కూర్చుంది.

"తొమ్మిది రోజులే. వచ్చేటప్పుడు బస్సులో వచ్చేస్తాను" అన్నాను.

"అమ్మకి నువ్వే చెప్పు."

"పడుకుందేమో."

"పడుకోలేదు."

"ఇదంతా అమ్మ కోసమే కదమ్మా."

"అమ్మ నిన్ను కొవ్వొత్తి అడగలేదు. కూర్చోమంది." అని లేచి దారి ఇచ్చింది.

ఎక్కాను. గుమ్మం దాటలేదు. మా ఆవిడ తల తిప్పి నన్నూ, నా భుజం మీద గుడ్డ చుట్టిన కొవ్వొత్తినీ చూసింది.

"ఈ ఎండల్లో మైనం భుజాన వేసుకుని బయల్దేరేవాణ్ణి కొవ్వొత్తులవాడని ఎవరంటారండీ?"

"తడిగుడ్డ చుట్టాను."

"సరే, వెళ్ళిరండి. కొండ మీద ఆవిణ్ణి అడిగానని చెప్పండి."

అంతే. ఇంకో మాట అడుగుతుందేమోనని గబగబా దిగిపోయాను.

నడకలో అరవై మందిమి ఉన్నాం. ముందు సిలువ, దాని వెనక ఫాదర్‌గారు, ఆ వెనక జపమాల చెప్పేవాళ్ళు, పాటలు పాడేవాళ్ళు. అందరికన్నా వెనక రైట్‌రైట్ బాబాయ్. ఆయన రిటైరైన బస్సు కండక్టరు. డెబ్భై దాటాయి. మెడలో జపమాలతో పాటు ఈల కూడా వేలాడేది. అలసిపోయినవాళ్ళనీ, కాళ్ళు బొబ్బలెక్కినవాళ్ళనీ పోగు చేసుకుంటూ చివర నడవడం ఆయన పని. ఎవరూ మిగిలిపోలేదని చూసుకుని ఈల ఊది "రైట్ రైట్" అనేవాడు. అప్పుడు గానీ ముందున్నవాళ్ళు కదలకూడదు.

అయిదడుగుల పైచిలుకు కొవ్వొత్తితో నేను మొదటి రోజు మధ్యాహ్నానికే వెనకబడ్డాను. మొయ్యడానికి బరువని కాదు, గంటకోసారి గుడ్డ తడపాలి. వెనకబడితే బాబాయ్‌కి తోడు. ఆయన తన సర్వీసులో చూసిన దొంగ పాసుల గురించీ, టిక్కెట్టు తప్పించుకోవడానికి నిద్ర నటించేవాళ్ళ గురించీ చెప్పేవాడు.

"నిద్రపోయేవాణ్ణి లేపొచ్చు అబ్బాయ్. నటించేవాణ్ణి లేపడం కష్టం. వాడి చెవి దగ్గర స్టాపు పేరు గట్టిగా అరిచి పక్కకి పోవాలి" అనేవాడు.

మూడో రోజున నేను ఫాదర్‌గారి పక్కన నడుస్తూ పాపసంకీర్తనం చేశాను. ఆయన చిన్నవాడు. కుంటుతూనే విన్నాడు. కోపాలు, అబద్ధాలు, గుడికి ఎగ్గొట్టిన ఆదివారాలు, అన్నీ చెప్పాను. మా ఆవిడకి బాగోలేదనీ, ఆవిడ కోసమే నడుస్తున్నాననీ చెప్పాను. "నమ్మకంతో నడవండి" అన్నాడు ఆయన. నాకు కావలసిన మాట అదే. నడవమన్నాడు, అంతకన్నా ఏం కావాలి? ఆ రోజంతా నా కాళ్ళు తేలిగ్గా పడ్డాయి.

నాలుగో రోజు మిట్టమధ్యాహ్నం కొవ్వొత్తి వంగిపోయింది.

దారిలో ఎక్కడా నీళ్ళు దొరక్క గుడ్డ ఎండిపోయింది. బస్సు షెల్టరు నీడలోకి చేరి గుడ్డ విప్పి చూస్తే, నడుం దగ్గర వంగిన మనిషిలా ఉంది. నా ప్రాణం ఉసూరుమంది. అందరూ పక్కనే బడి వరండాలో తిండి తింటుంటే బాబాయ్ ఎక్కణ్ణుంచో బకెట్టు నీళ్ళు తెచ్చాడు. షెల్టరులోని సిమెంటు బల్ల తడిపి, కొవ్వొత్తిని దాని మీద పెట్టి, ఆ చివర ఆయనా ఈ చివర నేనూ పట్టుకుని మెల్లగా దొర్లించడం మొదలుపెట్టాం. అలా దొర్లిస్తే వంపు తీరుతుంది. ఒక్కడి వల్ల అయ్యే పని కాదు.

"మీ ఆవిడ పొడుగరేనే" అన్నాడు.

"ఆ, కాస్త."

"కొలిచేటప్పుడు తల దగ్గర ఎవరు పట్టుకున్నారు? అమ్మాయా?"

ఆయన ఊరికే అడిగాడు. ముప్ఫై ఏళ్ళుగా ఇలాంటి కొవ్వొత్తుల వెనక నడిచిన మనిషి, కొలత ఎలా తీస్తారో నాకన్నా ఎక్కువే విన్నాడు. అమ్మాయే పట్టుకుందని అనేస్తే పోయేది. నోరు తెరిచాను గానీ ఆ అబద్ధం రాలేదు.

"మేకు పట్టుకుంది" అన్నాను.

ఆయన దొర్లించడం ఆపలేదు. నేను గుమ్మం సంగతీ, గీత సంగతీ చెప్పాను. చెప్తుంటే నాకే అసహ్యం వేసింది.

"అంటే ఆవిణ్ణి ముట్టుకోలేదన్న మాట."

"చూడలేకపోయాను బాబాయ్. మీకేం తెలుసు, ఎలా అయిపోయిందో. చెయ్యి పట్టుకుంటే ఎముకలు తగులుతాయి. నేను అక్కడ కూర్చుని చేసేదేముంది? ఇదైతే ఏదో ఒకటి చేస్తున్నట్టు ఉంటుంది కదా." నా గొంతు పెద్దదైపోయింది. వరండాలోంచి ఒకరిద్దరు తలెత్తి చూశారు.

ఆయన బల్ల మీద ఇంకో చేరెడు నీళ్ళు చల్లాడు. తర్వాత కొవ్వొత్తి వంకే చూస్తూ చెప్పాడు.

"నేనూ ఒకటి మోశా. మా పిల్లాడి కోసం. ఏడేళ్ళు. ఇంతే ఉండేది కొవ్వొత్తి." తడి చేత్తో నడుం దగ్గర చూపించాడు. "అందరికన్నా ముందు నడిచా. ముందు చేరితే ముందు వింటుందని. అందరికన్నా ముందే వెలిగించా. ఇంటికొచ్చేసరికి మా ఆవిడ గుమ్మంలో కూర్చునుంది. రెండు రోజులు నాన్నేడీ, నాన్నేడీ అని అడిగాడంట. అప్పట్నుంచీ వెనక నడుస్తున్నా."

"ఆ తల్లి మీద కోపం రాలేదా?"

"ఆవిడ మీదెందుకయ్యా? కొడుకు సిలువ మీద ఉంటే ఆవిడ కిందే నిలబడింది. ఏం చెయ్యగలిగింది? ఏమీ లేదు. నిలబడింది అంతే. పారిపోయింది మగాళ్ళు."

కొవ్వొత్తి నిటారుగా అయింది. ఇద్దరం చేతులు తీశాం.

"వెళ్ళిపొమ్మంటారా?"

"నేనేమీ అనను. స్టాపు పేరు చెప్పడం వరకే కండక్టరు పని. దిగడం మీ ఇష్టం."

"మొక్కు సగంలో వదిలేస్తే పాపం కాదూ?"

"అదుగో, అడగాల్సిన ఆయన అక్కడున్నాడు."

ఫాదర్‌గారు వరండా మెట్టు మీద బొబ్బలెక్కిన కాళ్ళు చల్లారబెట్టుకుంటున్నాడు. వెళ్ళి నిలబడి చెప్పాను. మూడో రోజు పాపాలన్నీ చెప్పినప్పుడు దాచింది ఇదొక్కటే. ఆయన నా ముఖం వంక చూసి, "నిన్ననే ఇది చెప్పుంటే నిన్ననే బస్సెక్కించేవాణ్ణి" అన్నాడు. నా తల మీద చెయ్యి పెట్టి, పెదవుల్లోనే ఏదో ప్రార్థించాడు.

బస్సు వస్తే బాబాయ్ రోడ్డుకి అడ్డంగా వెళ్ళి ఈల ఊదాడు. లోపలి కండక్టరు కుర్రవాడు కొవ్వొత్తిని చూసి, "సామానా, మనిషా?" అన్నాడు.

"మనిషే. నిలబడి వస్తుంది. వంగకుండా చూసుకో" అన్నాడు బాబాయ్. బస్సు పక్కన చేత్తో రెండుసార్లు చరిచి "రైట్ రైట్" అన్నాడు.

నాలుగు రోజులు నడిచి నేను పారిపోయిన దూరం ఆ బస్సుకి మూడు గంటలు పట్టింది. కిటికీలోంచి మేం ఆగిన బడులు, మంచినీళ్ళు తాగిన చోట్లు, అన్నీ వెనక్కి పోతుంటే ప్రతి దగ్గరా ఒకటే అడుక్కున్నాను. బాగుచెయ్యమని కాదు. నేను వెళ్ళేదాకా ఉంచమని.

ఎండ ఇంకా ఉండగానే ఇల్లు చేరాను. అమ్మాయి తలుపు తీసింది. నన్ను చూసింది, కొవ్వొత్తిని చూసింది. పక్కకి జరిగింది.

ఈసారి గుమ్మం దగ్గర ఆగలేదు. మంచం పట్టె మీద కూర్చున్నాను. మా ఆవిడ కళ్ళు తెరిచి నన్ను గుర్తుపట్టడానికి కాస్త సేపు పట్టింది.

"అప్పుడే వచ్చేశారే. ఆవిడ ఇంట్లో లేదా?"

నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. "కొలత తప్పుగా తీశాను. మళ్ళీ తియ్యాలి" అన్నాను.

"ఎవరి కొలత?"

"నీదే." దుకాణం దాటేటప్పుడు జేబులో వేసుకున్న కొత్త వత్తి దారం తీసి, అమ్మాయి వైపు ఒక కొస చాపాను. "తల దగ్గర పట్టుకో."

అమ్మాయి వెంటనే అందుకోలేదు. ఆ కొసని చూస్తూ నిలబడింది. నేను చెయ్యి దించలేదు. చివరికి వచ్చి తీసుకుని తల్లి తల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. నేను దుప్పటి తొలగించి మడమ పట్టుకున్నాను. చల్లగా ఉంది. నెలన్నర అయింది నేను ఆ మనిషిని ముట్టుకుని. మోకాళ్ళు పూర్తిగా చాపలేకపోతోంది. ఒంపు వెంబడే దారాన్ని మెల్లగా లాగి, ముడి వేసి, కొవ్వొత్తి పక్కన పెట్టి చూశాను. కొవ్వొత్తే బెత్తెడు ఎక్కువ ఉంది.

"ఆ గుమ్మం మీద గీత పట్టుకుని చేశారు కదూ?" అంది మా ఆవిడ.

నేను తలూపాను.

"ఆ రోజు నేను మడమలెత్తి నిలబడ్డానండీ. మరీ పొట్టిదాన్ని కట్టుకున్నానని అనుకుంటారని." ఊపిరి కోసం ఆగింది. "ఇరవై రెండేళ్ళు. ఒక్కసారైనా కిందికి చూడలేదు మీరు."

తల్లి తల దగ్గర అమ్మాయి ముఖం పక్కకి తిప్పుకుంది. భుజాలు కదులుతున్నాయి. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు. కత్తి వేడి చేసి తెచ్చి ఎక్కువైన బెత్తెడూ కోసేశాను. ఆ ముక్క పారెయ్యొద్దనీ, వచ్చే ఏడు ఎవరి చేతైనా కొండకి పంపమనీ మా ఆవిడ చెప్పింది. మరుసటేడు నేనే తీసుకెళ్ళాను, బాబాయ్ పక్కన, అందరికన్నా వెనక. మిగిలిన కొవ్వొత్తిని ఆమె మంచం పక్కన నిలబెట్టి వెలిగించాను. "వత్తి నేను పేనినట్టు లేదు" అంది. లేదు మరి. అది నేను పేనింది.

తర్వాత నాలుగు రోజులు ఉంది. నేను చేసింది చెప్పుకోవడానికేమీ లేదు. చెంచాతో నీళ్ళు పట్టాను. దిండు తిప్పాను. జపమాల చెప్తూ ఎన్నో పూసలో తప్పిపోతే ఆవిడే అందించింది. మిగతా సమయమంతా కాళ్ళ దగ్గర కూర్చున్నాను. "మీ చెయ్యి అక్కడే ఉంచండి, వెచ్చగా ఉంది" అంటే మడమ మీంచి చెయ్యి తియ్యలేదు. చూడలేననుకున్నదంతా చూశాను. చూడలేకపోవడం అనేదేమీ లేదని, చూడకపోవడమే ఉంటుందని అప్పుడు తెలిసింది. ఇంకో నాలుగు నెలలు ఇస్తే బాగుంటుందని ఆ తల్లిని అడిగాను. ఇవ్వలేదు.

ఎనిమిదో రోజు పగలు, పదకొండు గంటలప్పుడు పోయింది. ఇంకొక్క రోజు నడిచుంటే నేను కొండ చేరేవాణ్ణి. అమ్మాయి తల దగ్గర ఉంది, నేను మడమ దగ్గర ఉన్నాను. గదిలో కొవ్వొత్తి ఇంకా ముప్పాతిక మిగిలే ఉంది.

పెట్టె చేసే వడ్రంగి మధ్యాహ్నం వచ్చాడు. నాకు పాతికేళ్ళ పరిచయం. ఆయన పెట్టెల చుట్టూ నా కొవ్వొత్తులే నిలబడతాయి. చెప్పులు విడిచి మేడ ఎక్కి, మా ఆవిడకి దణ్ణం పెట్టుకుని, జేబులోంచి టేపు తీశాడు.

"అక్కర్లేదు. కొలత ఉంది" అంది అమ్మాయి. సొరుగులోంచి ముడి వేసిన వత్తి దారం తెచ్చి ఇచ్చింది.

వడ్రంగి దాన్ని అనుమానంగా చూశాడు. ఇంకొకళ్ళు తీసిన కొలతని ఆయన నమ్మడు, నేనూ నమ్మను. పనివాళ్ళ బుద్ధి అది. "ఎవరు తీశారమ్మా ఇది?"

"ఇద్దరం తీశాం. సరిగ్గానే ఉంటుంది."

ఆయన టేపు జేబులో పెట్టుకున్నాడు. అంగుళాల్లోకి రాసుకోవడానికి దారాన్ని నేల మీద చాపబోతే అది మెలికలు తిరిగిపోతోంది. అమ్మాయి వంగి ఒక కొస గట్టిగా పట్టుకుని, తలెత్తి నా వైపు చూసింది.

"నాన్నా, ఆ కొస నువ్వు పట్టుకో" అంది.

వెళ్ళి పట్టుకున్నాను.